జనవరి వాన, ఫిబ్రవరి ఐస్: 2014లో ఒక మిషిగన్ గోల్ఫ్ కోర్సులో గ్రీన్లు ఎందుకు చచ్చాయి

2014 ఏప్రిల్ మొదట్లో మంచు పూర్తిగా కరిగేసరికి మా కోర్సులోని 18 గ్రీన్లలో (బంతి వేయాల్సిన గుంత చుట్టూ చాలా పొట్టిగా కోసి ఉంచే పచ్చికే గ్రీను) దాదాపు మూడో వంతు వాటి మీద ఎండుగడ్డి రంగు మచ్చలు బయటపడ్డాయి. నాలుగో గ్రీను, పదకొండో గ్రీను సగానికి పైగా పోయాయి. మిగతావి ఏమీ జరగనట్టే ఉన్నాయి. డెట్రాయిట్‌కు వాయవ్యంగా, ఓక్లాండ్ కౌంటీలో ఉన్న పాత ప్రైవేట్ క్లబ్బు అది. పేరు ఇక్కడ అనవసరం. అప్పట్లో నేను అక్కడ అసిస్టెంట్ సూపరింటెండెంట్‌ని, అంటే కోర్సు పచ్చిక చూసుకునే పెద్దకు సహాయకుణ్ని. అన్ని గ్రీన్లకూ ఒకే చలి, ఒకే మందులు, ఒకే మిషన్లు, ఒకే మనుషులు. అయినా నాలుగో గ్రీను చచ్చింది, దాన్ని ఆనుకున్నట్టే ఉన్న అయిదోది బతికింది. ఎందుకో తేల్చుకోవడానికి మాకు ఒక సీజన్ పట్టింది. ఆ లెక్క ఇక్కడ రాస్తున్నాను.

బాపట్లలోనో రాజేంద్రనగర్‌లోనో అగ్రికల్చర్ బీఎస్సీ చేసి ఇప్పుడు గోల్ఫ్ కోర్సుల్లో, స్టేడియాల్లో పచ్చిక పని చూసుకుంటున్న మనవాళ్లు అప్పుడప్పుడు ఫోన్లో అడుగుతుంటారు, "అన్నా, మైనస్ పాతికలో గడ్డి ఎలా బతుకుతుంది?" అని. దక్కన్ కోర్సుల్లో ఎక్కువగా కనిపించేది బెర్ముడా, అంటే మన గరికే. హైదరాబాద్ చలికి దాని పెరుగుదల మందగిస్తుంది, అంతే. ఢిల్లీ చలికి గోధుమరంగుకు తిరిగి నిద్రపోతుంది, ఎండలు ముదరగానే లేస్తుంది. కాబట్టి అక్కడ పనిచేసేవాళ్లకు చలి అంటే థర్మామీటర్‌లో అంకె. ఇక్కడ ఉత్తరాన మాకు ఆ అంకె కన్నా దానికి ముందు రోజు ఏం కురిసింది, తర్వాతి రాత్రి ఏమైంది అన్నదే ముఖ్యం.

ఆ ఏడాది వాతావరణం

2013-14 శీతాకాలంలో డెట్రాయిట్‌లో మొత్తం 94.9 అంగుళాల మంచు పడింది. అంటే 241 సెంటీమీటర్లు. 1880-81 నుంచి చెక్కుచెదరకుండా ఉన్న రికార్డు దాంతో పోయింది. మార్చి మొదటి వారానికి గ్రేట్ లేక్స్ మొత్తం విస్తీర్ణంలో 92 శాతం దాకా గడ్డకట్టింది. "పోలార్ వోర్టెక్స్" (ధ్రువం చుట్టూ తిరిగే అతిచల్లటి గాలుల సుడి) అనే మాట ఇక్కడ టీవీ చూసే ప్రతి ఇంట్లో వినబడింది ఆ జనవరిలోనే. క్లబ్బు సభ్యులంతా గ్రీన్లు పోయాయనగానే "అంత చలికి పోవూ మరి" అన్నారు. ఆ మాట వినడానికి సబబుగానే ఉంటుంది, కానీ వరుస చూస్తే నిలవదు.

డిసెంబరు 21, 22 తేదీల్లో పెద్ద ఐస్ స్టార్మ్ వచ్చింది. లాన్సింగ్ వైపు, అటు కెనడాలో టొరంటో వైపు చెట్లూ కరెంటు తీగలూ ఐస్ బరువుకు తెగిపడ్డాయి, లక్షల ఇళ్లు క్రిస్మస్ వారమంతా చీకట్లో ఉన్నాయి. మా దగ్గర అదే తుఫాను ఎక్కువగా వానగా వచ్చి పోయింది. జనవరి 5న భారీగా మంచు పడింది. 7వ తేదీ తెల్లవారుజామున ఉష్ణోగ్రత సుమారు మైనస్ 25 సెల్సియస్‌కు దిగింది. సభ్యులకు గుర్తుండిపోయింది ఆ తెల్లవారుజామే. నిజానికి ఆ పూట మా గ్రీన్లు చాలా సురక్షితంగా ఉన్నాయి. అడుగు మందం మెత్తటి మంచు మీద కప్పి ఉంటే కింద నేల పైపొర సున్నాకు కాస్త దిగువనే ఆగిపోతుంది. మంచంత మంచి దుప్పటి మా పనిలో ఇంకొకటి లేదు, పైగా ఉచితం.

దెబ్బ 10, 11 తేదీల్లో మొదలైంది. ఉష్ణోగ్రత సున్నా దాటింది, వాన పడింది. మంచు సగానికి సగం కుంగి, ఆ నీరంతా కిందికి దిగింది. దిగి ఎక్కడికి పోతుంది? కింద నేల రాయిలా గడ్డకట్టి ఉంది, ఇంకే దారి లేదు. వాలు ఉన్నచోట పక్కకు జారింది, వాలు లేనిచోట గడ్డి మొదళ్ల చుట్టూ నిలిచింది. ఆ తర్వాత మళ్లీ చలి తిరగబడింది. నిలిచిన నీరు ఐస్ పలక అయింది. నెలాఖరులో మళ్లీ మైనస్ ఇరవైల్లోకి వెళ్లింది. ఈసారి మీద మెత్తటి మంచు పెద్దగా లేదు, గాలికి కొట్టుకుపోయింది. ఫిబ్రవరి మూడో వారంలో ఇదే తంతు ఇంకోసారి: వెచ్చదనం, వాన, వెంటనే చలి. మార్చి నెల కూడా మామూలు మార్చి కాదు, నేల కరగడానికే మొరాయించింది.

క్రౌన్‌లో ఏం జరుగుతుంది

వేరూ ఆకూ కలిసే చోట గడ్డి దుబ్బులో తెల్లటి చిన్న ముడి ఉంటుంది. దాన్ని క్రౌన్ అంటాం. ఆకులు మాడినా, వేర్లు కుళ్లినా అది బతికి ఉంటే గడ్డి లేస్తుంది. అది పోతే విత్తనం వేసుకోవడం తప్ప దారి లేదు. అక్టోబరు, నవంబరుల్లో పగళ్లు కురచై రాత్రులు చల్లబడే కొద్దీ మొక్క ఆ ముడిలోకి చక్కెరలు చేర్చుకుంటుంది, నీటిని తగ్గించుకుంటుంది. నీరు తక్కువైతే గడ్డకట్టేదీ తక్కువే. గ్రీన్ల కోసం విత్తే చలిదేశపు గడ్డి క్రీపింగ్ బెంట్, అలా గట్టిపడితే మైనస్ ముప్పై దాటినా తట్టుకోగలదు. గ్రీన్లలో కలుపులా తనంతట తానే చేరే పోవా యాన్యువా అనే గడ్డి అంత తట్టుకోదు కానీ, అదీ డిసెంబరులో బాగానే ఉంటుంది.

తేడా జనవరిలో బయటపడుతుంది. రెండు మూడు రోజులు వెచ్చబడితే పోవా వసంతం వచ్చిందనుకుని బిగువు సడలిస్తుంది, చుట్టూ ఉన్న నీరు పీల్చుకుంటుంది. బెంట్ అంత తేలిగ్గా నమ్మదు. నీరు పట్టిన క్రౌన్ మీదికి ఒక్కసారిగా చలి వస్తే లోపలి నీరు ఐస్ స్ఫటికాలై కణాలను చీల్చేస్తుంది. క్రౌన్ హైడ్రేషన్ అని మేమనే నష్టం ఇదే. దీనికి మైనస్ 25 అక్కర్లేదు. ఒక వెచ్చటి వానరోజు, దాని వెనకే ఒక గట్టి చలిరాత్రి చాలు.

మా క్లబ్బులో గ్రీన్లు చాలావరకు పాత పుష్-అప్ రకం. చుట్టుపక్కల బంకమట్టిని పోగేసి ఎత్తు చేసి, దాని మీద దశాబ్దాల పాటు ఇసుక చల్లుతూ వచ్చినవి. కింద డ్రైనేజీ పైపులు లేవు. వాటి మీద మొదట వేసింది బెంటే అయినా, పోవా దానంతటదే చేరి ముప్పాతిక వంతు ఆక్రమించేసింది. దానికి విత్తనం ఎవరూ వేయక్కర్లేదు. మూడు మిల్లీమీటర్ల ఎత్తులో కోస్తున్నా గింజ కట్టగలదు. మూడు గ్రీన్లు మాత్రం తర్వాత యూఎస్‌జీఏ (అమెరికా గోల్ఫ్ సంఘం) పద్ధతిలో, అడుగున గులకరాయి, పైన ఇసుక పోసి తిరిగి కట్టారు. వాటి మీద బెంట్ శుద్ధంగా ఉంది. ఆ మూడూ బతికాయి. అంతటితో "పోవా చచ్చింది, బెంట్ బతికింది" అని ఫైలు మూసేయొచ్చు. కానీ పోవాతో నిండిన పాత గ్రీన్లలోనూ చాలావరకు బతికాయి కదా. అయిదోది వాటిలో ఒకటి.

ఫిబ్రవరి ప్లగ్గులు

ఫిబ్రవరి మొదటి వారంలో శాంపిళ్లు తీశాం. గడ్డీ మట్టీ కలిసిన ఆ ముక్కలనే ప్లగ్గులంటాం. నేల ఇనుములా ఉంటుంది కాబట్టి గ్రీను మీద గుంత తవ్వే మామూలు కప్ కట్టర్ దిగదు. బ్యాటరీ డ్రిల్లుకు నాలుగంగుళాల హోల్ సా (గుండ్రటి రంపం) బిగించి, మంచు తోసి, ఐస్ పలకలోంచి కిందికి దించాలి. పళ్లు ఐస్‌ను కొరికినంతసేపు తెల్లటి పొడి లేస్తుంది. మట్టి తగలగానే శబ్దం మారి డ్రిల్లు చేతిలో మెలిపెడుతుంది. ఊడిన ముక్కను ఉలితో పెకలించి, పెయింట్ ట్రేలో పెట్టి, గ్రీను నంబరు, ఎత్తు భాగమా పల్లమా అన్నది టేపు మీద రాసి అంటించాలి. షెడ్డుకు తెచ్చి వెంటనే హీటర్ దగ్గర పెడితే మనమే చంపినట్టవుతుంది. ఒకటి రెండు రోజులు చల్లటి గదిలో నిదానంగా కరగనిచ్చి, తర్వాత కిటికీ వెలుగులోకి మార్చాం.

వారం తిరిగేసరికి బెంట్ గ్రీన్ల ముక్కల్లో పచ్చటి సూదులు లేచాయి. అయిదో గ్రీను పోవా కూడా లేచింది. నాలుగో గ్రీను నుంచి తెచ్చిన రెండు ముక్కలే విషయం చెప్పాయి. ఎత్తు భాగం నుంచి తీసిన ముక్క పచ్చబడింది. అదే గ్రీను ముందువైపు పల్లం నుంచి తీసిన ముక్క అలాగే ఉండిపోయింది. ఒక దుబ్బును లాగి బ్లేడుతో క్రౌన్‌ను నిలువుగా కోశాను. బతికిన దాంట్లో అది తెల్లగా, గట్టిగా, కోస్తే చిన్నగా టక్కుమనేలా ఉంది. రెండోదాంట్లో టీ డికాషన్ రంగులో మెత్తబడి, వేలితో నొక్కితే నీరు కారింది.

ఇక్కడ ఒక లెక్క అవసరం. ఐస్ కింద గడ్డి చావడానికి రెండో దారి కూడా ఉంది, ఊపిరాడకపోవడం. ఐస్ పలక గాలిని ఆపేస్తుంది, కింద నేలలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్ వాడేస్తాయి, కార్బన్ డయాక్సైడ్, ఇంకా కొన్ని విషవాయువులు పేరుకుంటాయి. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో జేమ్స్ బేర్డ్ 1960లలో చేసిన ప్రయోగాల నుంచి మా వృత్తిలో నిలిచిన అంచనా ఏమిటంటే, పోవా ఐస్ కింద 60 నుంచి 90 రోజుల మధ్య పోతుంది, బెంట్ 120 రోజులు దాటినా నిలబడుతుంది. మా ప్లగ్గులు తీసేనాటికి ఆ ఐస్ వయసు నెల రోజులు కూడా లేదు. ఊపిరాడక చచ్చిన గ్రీను మీద ఐస్ పగలగొడితే పుల్లగా కుళ్లిన వాసన ముక్కుకు కొడుతుంది. ఆ వాసన కూడా లేదు. అంటే నాలుగో గ్రీను పల్లం జనవరి మధ్యలోనే, నీరు పట్టి గడ్డకట్టే క్రమంలోనే పోయింది. ఐస్ దాని మీద మూతలా కూర్చుంది, అంతే.

ఐస్ తీయాలా వద్దా

ఈలోగా క్లబ్బు గ్రీన్స్ కమిటీలో టెన్షన్ మొదలైంది. పక్క క్లబ్బులో ఐస్ పగలగొడుతున్నారట, మనమెందుకు చేతులు కట్టుకుని కూర్చున్నాం అని. మా సూపరింటెండెంట్ పాతికేళ్ల అనుభవం ఉన్న మనిషి. ఆయన కొన్ని గ్రీన్ల మీద మాత్రమే తీయిద్దామని, కొన్నింటిని ఉన్నట్టే వదిలేద్దామని నిర్ణయించాడు. కమిటీని ఊరుకోబెట్టడానికి సగం, పోల్చి చూడటానికి సగం.

పద్ధతి ఇది. స్నో బ్లోయర్‌తో పైమంచును తీసేయాలి. ఎండ ఉన్న రోజు చూసి ఐస్ మీద నల్లటిది ఏదైనా పలచగా చల్లాలి. నల్ల ఇసుక చల్లేవాళ్లున్నారు, మేం మిలోర్గనైట్ చల్లాం. మిల్వాకీ నగరం మురుగునీటి నుంచి 1926 నుంచీ తయారుచేస్తున్న ఎరువు అది. నల్లగా ఉంటుంది, ఎండ పీల్చుకుంటుంది, మిగిలింది వసంతంలో పోషణగా పనికొస్తుంది. రెండు మూడు రోజుల ఎండకు ఐస్ తేనెపట్టులా బోలుపడ్డాక ముక్కలుగా లేపొచ్చు. ముందే తొందరపడి పారతో కొడితే ఐస్‌తో పాటు గడ్డి కూడా చెక్కలుగా ఊడొస్తుంది.

తీశాం. కొద్ది రోజులకే ఫిబ్రవరి మూడో వారపు వాన వచ్చింది. ఐస్ తీసిన గ్రీన్లలో నీరు బయటికి పోయే దారి ఉన్నవి ఆరిపోయాయి. దారి లేని వాటిలో కొత్త నీరు నిలిచి, మళ్లీ గడ్డకట్టింది. ఏప్రిల్‌లో చూస్తే ఐస్ తీసిన గ్రీన్లకూ తీయని వాటికీ చావు మచ్చల్లో చెప్పుకోదగ్గ తేడా నాకు కనబడలేదు. కనబడకపోవడమే సహజం. చచ్చినవి అప్పటికే చచ్చాయి. ఈ పని మీద నా అభిప్రాయం అప్పటి నుంచీ మారలేదు. ఐస్ వయసు 45 రోజులు దాటి ఉండాలి, ప్లగ్గుల్లో పోవా ఇంకా బతికే ఉండాలి, కరిగిన నీరు బయటికి పోయే దారి ఉండాలి, వచ్చే వారం సూచనలో వాన ఉండకూడదు. ఈ నాలుగూ కుదిరితే తీయండి. కుదరకపోతే ఆ డీజిల్ డబ్బులు విత్తనానికి దాచుకోండి.

ఏప్రిల్‌లో మచ్చల ఆకారం

మంచు పోయాక మొదట చేసిన పని విత్తనం తేవడం కాదు. ప్రతి గ్రీనునూ నడిచి, చచ్చిన భాగం అంచు చుట్టూ పెయింట్ గీసి, ఫొటో తీసి, కాగితం మీద బొమ్మ వేసుకున్నాం. చలికాలపు నష్టాలు నాలుగైదు రకాలున్నా, ఒక్కోదాని ఆకారం వేరు. స్నో మోల్డ్ బూజు అయితే గుండ్రటి మచ్చలు పడతాయి. పింక్ రకానికి అంచు గులాబీ ఛాయలో ఉంటుంది, గ్రే రకంలో ఆకుల మీద గసగసాలంత గోధుమరంగు గుళికలు కనిపిస్తాయి. మేం నవంబరులో దానికి మందు కొట్టాం, ఎక్కడో అంచుల్లో తప్ప అది లేదు. గాలికి ఎండిపోతే దిబ్బల నెత్తి మీద, గాలి కొట్టే వైపు పోతుంది. మాకు దిబ్బల మీద పచ్చగానే ఉంది.

మా మచ్చలు నాలుకల్లా పొడుగ్గా, పై నుంచి కిందికి సాగి, చివర వెడల్పై, గ్రీను అంచు దగ్గర తాడు లాగినట్టు ఆగిపోయాయి. నాలుగో గ్రీను బొమ్మ చూసి మా సూపరింటెండెంట్ లెవెల్ పరికరం తెప్పించాడు. గ్రీనుకు చుట్టూ ఉండే కాలర్, అంటే కాస్త ఎత్తుగా కోసే గడ్డి పట్టీ, గ్రీను పల్లం కన్నా దాదాపు అంగుళం ఎత్తులో ఉంది. ఏళ్ల తరబడి గ్రీను మీద చల్లిన ఇసుక బ్రష్షులతో, మోవర్లతో అంచుకు చేరి, అక్కడి దట్టమైన గడ్డిలో చిక్కుకుని పేరుకుపోయింది. కంటికి ఆనదు. కానీ అంగుళం కట్ట అయినా కట్టే. వేసవిలో నీరు నేలలోకి ఇంకిపోతుంది కాబట్టి ఎవరికీ తెలియదు. నేల గడ్డకట్టిన జనవరిలో గ్రీను అంచు లేచిన పళ్లెం అయిపోతుంది. అయిదో గ్రీను వెనకవైపు నుంచి ఒక పాత సర్వీసు బాట ఉంది. దాని మీదుగా మిషన్లు తిరిగి తిరిగి అక్కడ కాలర్ నలిగి చదునైంది. నీరు అటు నుంచి జారిపోయింది. అది బతకడానికి కారణం అంతకు మించి ఏమీ లేదు.

పదకొండో గ్రీను కథ వేరు. దాని అంచు బాగానే ఉంది, కానీ దక్షిణం వైపు స్ప్రూస్ చెట్ల వరుస ఉంది. డిసెంబరు 21న ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు 24 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. హైదరాబాద్‌లో అదే రోజు 49 డిగ్రీలు. 50 అడుగుల చెట్టు నీడ హైదరాబాద్‌లో 43 అడుగులు పడితే ఇక్కడ 110 అడుగులు దాటుతుంది. స్ప్రూస్ ఆకు రాల్చదు, కాబట్టి చలికాలమంతా ఆ నీడ గ్రీను మీదే. నీడ రెండు వైపుల నుంచి కొడుతుంది. శరదృతువులో ఎండ తగలక మొక్క చక్కెరలు సరిగా దాచుకోదు, అంటే గట్టిపడకుండానే చలిలోకి వెళ్తుంది. శీతాకాలంలో పక్క గ్రీన్ల మీద ఐస్ ఒక ఎండ పూటకు అంచుల్లో విడిపోతే, ఇక్కడ వారాల తరబడి కదలదు. పదకొండో గ్రీను మీద చచ్చిన భాగం అంచును, చెట్ల నీడ అంచును ఒకే కాగితం మీద గీస్తే దాదాపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

కోలుకోవడం

ఈ భాగం పెద్దగా చెప్పుకోవడానికి లేదు, ఓపిక తప్ప. చచ్చిన గ్రీన్లను తాళ్లు కట్టి మూసి, ఫెయిర్‌వే (గ్రీను దాకా సాగే పొడవాటి పచ్చిక దారి) చివర తాత్కాలిక గ్రీన్లు కోశాం. సభ్యులకు అది అవమానంలా అనిపించింది. సీజన్ డబ్బులు కట్టి ఫెయిర్‌వే మీద పుట్టింగ్ చేయమంటారా అని. పాక్షికంగా పోయిన గ్రీన్లను తెరిచే ఉంచాం, కానీ మోవర్ ఎత్తు అయిదారు మిల్లీమీటర్లకు లేపి, రోలర్ ఆపేశాం.

బెంట్ గింజ చాలా సన్నం, గ్రాముకు పది వేలకు పైనే వస్తాయి. వంద చదరపు మీటర్లకు అర కిలో నుంచి కిలో దాకా చాలు. పైన చల్లి వదిలేస్తే సగం గాలికి, సగం నీటికి పోతాయి. అందుకే చిన్న మేకుల రోలర్‌తో నేలంతా గుంటలు పొడిచి, గింజను మిలోర్గనైట్‌తో కలిపి అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి చల్లి, పైన పలచగా ఇసుక వేశాం. నేల 15 డిగ్రీల దగ్గరికి రాకపోతే బెంట్ గింజ కదలదు. ఆ ఏప్రిల్‌లో నేల దానికి దరిదాపుల్లో కూడా లేదు. గాలీ వెలుగూ పోయే అల్లిక కవర్లు పరిచి కొన్ని డిగ్రీలు రాబట్టుకున్నాం. మొలకలు కనిపించాక రోజుకు నాలుగైదు సార్లు కాస్త కాస్త తడి, వారానికోసారి పలచగా నత్రజని. కవరు ఎప్పుడు తీయాలన్నదే అసలు చిక్కు. ఎండ రోజున మర్చిపోతే కింద ఉడికిపోతుంది, మొలకకు బూజు పడుతుంది. తీసేస్తే ఆ రాత్రే మంచు పడుతుంది.

ఈలోగా పోవా మనం పిలవకుండానే వచ్చేసింది. నేలలో దాని గింజలు ఏళ్ల తరబడి నిల్వ ఉంటాయి, పైగా చల్లటి నేలలో అది బెంట్ కన్నా ముందు మొలుస్తుంది. మే నెలాఖరుకు పచ్చబడిన దాంట్లో సగం పోవాయే. కొందరు సూపరింటెండెంట్లు దాన్ని మందులతో అణచాలని చూస్తారు. ఖాళీ నేల కన్నా పోవా నయం అనేది మా బాస్ మాట, నాదీ అదే. వసంతంలో చల్లే విత్తనం గ్రీను తెరవడానికి. గడ్డి జాతి మార్చడానికి కాదు. ఆ పనికి ఆగస్టు ఉంది. నేల వెచ్చగా ఉండి, పోవా వేసవి ఎండకు డీలాపడి ఉన్నప్పుడు బెంట్‌కు మొదటి అడుగు దొరుకుతుంది. నాలుగో గ్రీనును జూన్‌లో తెరిచాం, ఆగస్టులో మళ్లీ బెంట్ చల్లాం. ఆ తర్వాత ఏటా చల్లుతూనే ఉన్నాం.

అంచులు కోయడం, చెట్లు కొట్టడం

అసలు మరమ్మతు ఆ శరదృతువులో జరిగింది. గడ్డిని వేర్లతో సహా పలకలుగా కోసే సాడ్ కట్టర్‌తో కాలర్ గడ్డిని చాపల్లా చుట్టి పక్కన పెట్టి, కింద పేరుకున్న ఇసుకను తవ్వి తీసి, లెవెల్ చూసుకుని, గడ్డిని మళ్లీ పరిచాం. నీరు గ్రీను దాటి కనీసం ఇంకో పదిహేను, ఇరవై అడుగులు పోవాలి. లేకపోతే కట్టను గ్రీను అంచు నుంచి బయటికి జరిపినట్టే అవుతుంది. అన్ని గ్రీన్లకూ ఒకే ఏడు కుదరలేదు. మిగిలిన వాటికి నవంబరు చివర, ఆట ముగిశాక, పల్లం చివర ఒకటిన్నర అడుగు వెడల్పు గడ్డి పట్టీని తీసేసి కాలువలా వదిలి, ఏప్రిల్‌లో తిరిగి పెట్టేవాళ్లం. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. పనిచేస్తుంది.

పరీక్ష కూడా సులువే. నవంబరులో నేల తడిసి ఉన్న రోజున గ్రీను ఎత్తు భాగంలో హోసుపైపు వదిలి, నీరు ఎక్కడ ఆగుతుందో జెండాలు పాతడం. నీరు ఆగినచోటే జనవరిలోనూ ఆగుతుంది. రాడార్లూ వాతావరణ యాప్‌లూ ఎన్ని చూసినా ఈ గంట పని ఇచ్చే సమాచారం అవి ఇవ్వవు.

2015 ఫిబ్రవరి ఇక్కడ రికార్డుల్లోనే అతి చల్లటి ఫిబ్రవరుల్లో ఒకటి. మాకు గుండెలు జారాయి. కానీ ఆ నెల పొడవునా చలి చలిలాగే ఉంది, మధ్యలో వాన రాలేదు, మీద మంచు దుప్పటి నిలిచింది. ఏప్రిల్‌లో గ్రీన్లు దాదాపు అన్నీ పచ్చగా లేచాయి. కమిటీ ఆ ఘనత కాలర్ పనికి కట్టబెట్టింది. నేను ఒప్పుకోను. ఆ ఏడు కాలర్ పని చేయని గ్రీన్లు కూడా బతికాయి. వాతావరణం పరీక్ష పెట్టలేదు, అంతే. కాలర్ల సంగతి తెలిసింది తర్వాతి శీతాకాలాల్లో, జనవరి వానలు మళ్లీ వచ్చినప్పుడు. నాలుగో గ్రీను ముందు పల్లంలో నీరు నిలవకుండా అంచు దాటి జారిపోతుంటే మంచులో నిలబడి చూశాను.

పదకొండో గ్రీను సగమే తేలింది. దక్షిణం వైపు స్ప్రూస్‌లలో ఒక మూలవి కొట్టడానికి కమిటీ ఒప్పుకుంది. మిగిలినవి ఎప్పుడో ఒక సభ్యుడి జ్ఞాపకార్థం నాటినవి, వాటి జోలికి వెళ్లవద్దని ఓటు వేశారు. చెట్లు పోయిన వైపు గడ్డి తర్వాత చావలేదు. నీడ మిగిలిన మూల ప్రతి చెడ్డ శీతాకాలానికీ పోతుంది. దానికోసం నవంబరులో గడ్డి మీద ఇన్సులేషన్ పొర వేసి, పైన నీరు దిగని టార్ప్ కప్పుతాం, కింద గాలి ఆడటానికి గొట్టాలు పెడతాం. అయినా ఏప్రిల్‌లో రెండు బస్తాల ఇసుక, కాస్త బెంట్ విత్తనం ఆ మూలకే పోతాయి. బడ్జెట్‌లో దానికి ఒక పద్దు రాసి పెట్టుకున్నాం.